వాలుగాలిలో... వంద కిలోమీటర్ల జోరు!

ఎదురుగాలిలో సైకిల్ తొక్కినవాళ్లకు తెలుసు ఆ కష్టం. అదే గాలి వెనకనుంచి వీస్తే... ఇక తొక్కే పనేముంది, అదే తోసుకుపోతుంది! కానీ కాళ్లకింద చిన్న చెక్క, చేతిలో పెద్ద గాలిపటంతో సముద్రం మీద పరుగులు తీసేవాళ్లను అడిగి చూడండి. ఈ లెక్కను తలకిందులు చేసేస్తారు. గాలి ఎటు పోతే అటే పోతే వేగం రాదంటారు. గాలితోపాటు పరుగెత్తాలంటే ముందు గాలికి ఎదురు నిలవడం నేర్చుకోవాలంటారు. అంతేకాదు... గట్టిగా పట్టుకున్నవాడికన్నా సమయానికి వదలడం తెలిసినవాడే గెలుస్తాడంటారు. కైట్‌బోర్డింగ్‌లో వాలుగాలి పరుగు కథే అంత!

సంక్రాంతికి మేడమీద గాలిపటం ఎగరేసే కుర్రాడికి దారం లాగుతున్నప్పుడు చేతిలో తెలిసే ఆ బిగువు గుర్తుందా? దాన్ని ఓ వందరెట్లు చేసుకోండి. గాలిపటం స్థానంలో తొమ్మిదో, పన్నెండో చదరపు మీటర్ల కైట్. దారానికి బదులు ఇరవై మీటర్లకు పైగా పొడవుండే నాలుగైదు గట్టి తాళ్లు. అవి ఓ చిన్న కడ్డీకి, ఆ కడ్డీ నడుముకు కట్టుకున్న పట్టీకి. కాళ్లకింద ఓ బోర్డు. గాలి కైట్‌ను లాగుతుంది, కైట్ మనిషిని లాగుతుంది, మనిషి బోర్డు అంచును నీటిలోకి నొక్కిపెట్టి ఆ లాగుడును పరుగుగా మారుస్తాడు. ఇంజిన్ లేదు, పెట్రోలు లేదు, శబ్దమూ లేదు. వినిపించేదల్లా నీళ్లు చీలుతున్న చప్పుడు, తాళ్లు పాడే ఈల!

ఇద్దరు అన్నదమ్ముల ఆలోచన

ఈ ఆట వయసు పెద్దదేం కాదు. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరానికి చెందిన బ్రూనో, డొమినిక్ లెగెన్యూ సోదరులు 1984లో గాలి నింపే కైట్‌కు పేటెంట్ కోసం దరఖాస్తు చేశారు. అంతకుముందు కైట్‌లకు ఓ జబ్బుండేది. నీళ్లలో పడితే ఇక లేచేవి కావు. అంచుల్లో గాలి నింపిన గొట్టాలు పెట్టి దాన్ని నీటిమీద తేలేలా, పడినా మళ్లీ ఎగిరేలా చేశారు ఆ అన్నదమ్ములు. దాన్ని జనం పట్టించుకోవడానికి మాత్రం పుష్కరం పైనే పట్టింది. అమెరికాలో బిల్, కోరీ రోస్లర్ అనే తండ్రీకొడుకులు కైట్‌తో లాగే వాటర్ స్కీలు తయారుచేశారు. 1996లో హవాయిలోని మావీ తీరంలో లెయర్డ్ హామిల్టన్, మాన్యూ బెర్తాన్‌లు కైట్‌తో అలలమీద ఆడుతుంటే ప్రపంచం నోరెళ్లబెట్టింది. 1997లో లెగెన్యూ సోదరుల కైట్ అంగట్లోకి వచ్చింది. ఇంకేముంది... పదేళ్లు తిరిగేసరికి ప్రపంచంలో గాలి బాగా వీచే తీరాలన్నింటా రంగురంగుల కైట్‌లే!

మొదట్లో ఎగిరి గంతులెయ్యడమే ఈ ఆటలో గొప్ప. తర్వాత కొందరికి ఓ పిచ్చి పట్టుకుంది. అసలు దీనిమీద ఎంత వేగం వెళ్లగలం? అని. ఆ పిచ్చే వాళ్లను ఆఫ్రికా ఖండం అంచుకు తీసుకెళ్లింది.

ఎడారి ఒడ్డున ఓ కాలువ

నమీబియాలో లుడెరిట్జ్ అనే చిన్న ఊరుంది. ఓ పక్క చల్లటి బెంగులా ప్రవాహంతో అట్లాంటిక్ సముద్రం, మరో పక్క నిప్పులు చెరిగే నమీబ్ ఎడారి. చల్లటి నీళ్లూ వేడి ఇసుకా ఒకదాని పక్కన ఒకటి ఉంటే గాలి ఊరుకుంటుందా? దక్షిణం నుంచి ఈడ్చి కొడుతుంది. ఊరికి దగ్గర్లోనే కోల్మన్స్‌కాప్ అని, ఒకప్పుడు వజ్రాల గనులతో వెలిగిపోయిన పట్నం ఉంది. జనం వదిలేసి వెళ్లాక ఆ ఇళ్లలోకి గాలి మోసుకొచ్చిన ఇసుక నడుంలోతున పేరుకుపోయింది. అక్కడి గాలి సంగతి చెప్పడానికి ఆ గదులు చాలు.

ఆ గాలినే వెతుక్కుంటూ వచ్చారు కైట్‌బోర్డర్లు. 2007 నుంచి అక్కడ వేగం పోటీలు మొదలయ్యాయి. ఉప్పునీటి మడుగులో యంత్రాలతో ఓ సన్నటి కాలువ తవ్వుతారు. ఎందుకంటే వేగానికి మొదటి శత్రువు అల. ఎంత గాలి ఉంటే అంత పెద్ద అలలు లేస్తాయి. కానీ సన్నటి కాలువలో గట్టు పక్కన అల పుట్టే చోటే ఉండదు. పైన తుపాను గాలి, కింద అద్దంలాంటి నీళ్లు! ఆ కాలువను గాలికి ఏ కోణంలో తవ్వారన్నదే అసలు కిటుకు. అది గాలికి అడ్డంగా ఉండదు. గాలి పోయే దిక్కుకు తిన్నగానూ ఉండదు. రెంటికీ మధ్యన, వాలుగా ఉంటుంది.

అక్కడ 500 మీటర్ల దూరాన్ని ఎంత సగటు వేగంతో దాటారన్నదే లెక్క. వేగాన్ని నాట్లలో చెబుతారు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. తెరచాపల లోకంలో అప్పట్లో 50 నాట్లు అంటే ఓ గోడ. ఎంతోమంది ఎన్నో ఏళ్లుగా గుద్దుకుంటున్నా కూలని గోడ. 2008 సెప్టెంబరులో అమెరికాకు చెందిన రాబ్ డగ్లస్ లుడెరిట్జ్‌లో 49.84 నాట్ల దాకా వచ్చి ఆగాడు. అక్టోబరు 3న ఫ్రాన్స్‌కు చెందిన సెబాస్టియన్ కాటెలాన్ 50.26 నాట్లతో ఆ గోడ దూకేశాడు. గంటకు 93 కిలోమీటర్లు! ఆ ఆనందం ఒక్కరోజు ముచ్చటే. మర్నాడే అదే దేశానికి చెందిన అలెక్స్ కైజెర్గ్ 50.57 నాట్లతో రికార్డును తనపేర రాసుకున్నాడు. 2010 అక్టోబరులో డగ్లస్ మళ్లీ వచ్చాడు. ఈసారి 55.65 నాట్లు... అంటే గంటకు 103 కిలోమీటర్లు. అదే రోజుల్లో ఫ్రాన్స్‌కు చెందిన షార్లెట్ కాన్సోర్తి కూడా అక్కడే 50 నాట్లు దాటి, ఇది మగవాళ్ల సొత్తేం కాదని తేల్చేసింది.

ఆ తర్వాత రెండేళ్లపాటు ప్రపంచంలో గాలితో నడిచే వాహనాలన్నింటిలో నీటిమీద అత్యంత వేగమైంది కోట్లు పోసి కట్టిన పడవ కాదు... నడుముకు గాలిపటం కట్టుకున్న ఓ మనిషి! 2012 నవంబరులో నమీబియాలోనే వాల్విస్ బే దగ్గర పాల్ లార్సెన్ 'సెయిల్‌రాకెట్ 2' అనే పడవతో 65.45 నాట్లు సాధించేదాకా ఆ గౌరవం కైట్‌బోర్డుదే. కైట్‌బోర్డు మీద కైజెర్గ్ మళ్లీ విజృంభించి 2017లో ఫ్రాన్స్‌లో 57.97 నాట్లు అందుకున్నాడు. గంటకు 107 కిలోమీటర్లు. అరకిలోమీటరు దూరం 17 సెకన్లలోపే దాటేసినట్టు!

గాలిని దాటితే అంతే సంగతులు

ఇంతకీ ఆ వాలు కోణం గొడవేంటి? గాలి పోయే దిక్కుకే తిన్నగా పోతే పోలా?

పోకూడదు. ఎందుకో చిన్న లెక్కతో చూద్దాం. గాలి 20 నాట్ల వేగంతో వీస్తోంది. బోర్డు కూడా సరిగ్గా అదే దిక్కుకు 20 నాట్లతో వెళ్తోంది. అప్పుడు కైట్‌కు తగిలే గాలి ఎంత? సున్నా! వెనకనుంచి గాలి వీస్తుంటే అదే వేగంతో స్కూటర్ నడుపుతున్నవాడి జుట్టు కదలదే... అలాగన్నమాట. ఒంటికి గాలి తగలకపోతే కైట్‌కు ప్రాణం ఉండదు. తాళ్లు వదులైపోతాయి. కైట్ ఎండుటాకులా ఊగుతూ నీళ్లలో పడుతుంది.

ఇప్పుడు అదే 20 నాట్ల గాలిలో బోర్డును గాలికి అడ్డంగా ఉండే దారినుంచి ఓ 30 డిగ్రీలు మాత్రమే వాలుకు తిప్పి, 30 నాట్ల వేగంతో పోనిద్దాం. వెనకనుంచి తోసే గాలి వాటా 10 నాట్లు, పక్కనుంచి వీచే వాటా 17 నాట్లు. బోర్డు పరుగు వల్ల ముందునుంచి తగిలే గాలి 30 నాట్లు. ఇవన్నీ కలిపి తీసివేతలు చేస్తే కైట్‌కు తగిలేది 26 నాట్లకు పైనే! అంటే వీస్తున్న గాలికన్నా ఎక్కువ. వేగం పెరిగేకొద్దీ గాలి పెరుగుతుంది, గాలి పెరిగేకొద్దీ వేగం పెరుగుతుంది. తన గాలిని తానే పుట్టించుకునే ఆ కోణమే వాలుగాలి పరుగు రహస్యం. ఇంకా వాలుకు తిప్పితే తాళ్లు వదులవుతాయి, గాలికేసి తిప్పితే నీటి రాపిడి ఎక్కువవుతుంది. ఆ మధ్యలో ఉన్న సన్నటి దారిని పాదాలతో వెతికి పట్టుకోవాలి.

చిత్రం ఏమిటంటే, కొత్తగా నేర్చుకునేవాళ్లంతా మొదటిరోజు వెళ్లేది వాలుగాలి వైపే. కావాలని కాదు... వేరే దిక్కుకు వెళ్లడం రాక! గాలి వాళ్లను ఈడ్చుకుపోతుంది. అరకిలోమీటరు అవతల ఒడ్డు చేరి, తడిసిన కైట్ నెత్తిన పెట్టుకుని ఇసుకలో నడిచి రావడం ఈ ఆటలో అందరికీ తప్పని శిక్ష. గాలికి కొంచెం ఎదురుగా వెళ్లడం వచ్చి, బయల్దేరిన చోటికే తిరిగి రాగలిగిన రోజున గానీ శిక్షకులు వాలుగాలి వేగం గురించి మాట్లాడరు. తిరిగొచ్చే దారి తెలియనివాడికి వేగం నేర్పడం మంచిది కాదు మరి!

మడమ వదలాలి... మెల్లగా

సరే, తిరిగి రావడం వచ్చేసింది. ఇక వేగం మాటేంటి?

మొదట చూపు. చాలామంది కాళ్లవంకో, కైట్‌వంకో చూస్తుంటారు. చూపెక్కడుంటే ఒళ్లు అటే తిరుగుతుంది. వెళ్లాల్సిన చోటికి, దూరంగా చూడాలి. కైట్ ఎక్కడుందో చేతికి తెలియాలి తప్ప కంటికి కాదు.

తర్వాత కైట్ ఉండాల్సిన చోటు. దీన్ని గడియారంతో పోలుస్తారు. నడినెత్తిన ఉంటే 12 గంటలు. కుడివైపు వెళ్తుంటే మామూలుగా ఒంటిగంటన్నర దగ్గర ఉంచుతారు. వేగం కావాలంటే ఇంకా కిందకు దించాలి. పైనున్న కైట్ మనిషిని పైకి లాగుతుంది. అప్పుడు బోర్డు నీటిని పట్టుకోదు. కిందనున్న కైట్ ముందుకు లాగుతుంది. వేగం పోటీల్లో కైట్ నీటికి బాగా దగ్గరగా ఎగరడానికి కారణం అదే.

ఆపైన మడమలు. గాలికి అడ్డంగా వెళ్తున్నప్పుడు బోర్డు వెనకంచును మడమలతో నీటిలోకి నొక్కి ఉంచుతారు. ఆ అంచే ఈ బండికి బ్రేకు! ముందు గాలికి అడ్డంగా బాగా వేగం అందుకోవాలి. అప్పుడు మడమల మీద ఒత్తిడి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, ముందు మోకాలును వాలువైపు చూపించాలి. బోర్డు చదునవుతుంది. ఒక్కసారిగా ఎవరో వెనకనుంచి తోసినట్టు దూసుకుపోతుంది. ఆ ఒక్క క్షణం కోసమే కదా ఇదంతా అంటారు రుచి మరిగినవాళ్లు. మరీ చదునుగా పెట్టారో... చిన్న అల ముందంచును పట్టుకుంటుంది. మనిషి ముఖం నీళ్లలో ఉంటుంది! అందుకే బరువు వెనక్కాలు మీద ఎక్కువ ఉంచి బోర్డు ముక్కును పైకి ఉంచాలి. మోకాళ్లు వంచి స్ప్రింగుల్లా వదిలేయాలి. బిగుసుకున్న కాళ్లు ప్రతి అలనూ నడుముకు చేరవేస్తాయి.

ఇక చేతులు. భయం వేసినప్పుడు మనిషి చేసే మొదటి పని చేతిలో ఉన్నదాన్ని గట్టిగా పట్టుకోవడం. ఈ ఆటలో అదే తప్పు. కడ్డీని ఒంటికి లాక్కుంటే కైట్‌కు లాగుడు పెరుగుతుంది. భయపడి లాక్కుంటే వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే భయం పెరుగుతుంది. పోనీ వేగం కోసమే లాక్కుందామన్నా, మరీ లాగితే కైట్ ముందుకు ఎగరలేక వెనక్కి జారిపోతుంది. కడ్డీని వేళ్లతో పట్టుకుని, అవసరమైనంతే లాగి, కొంచెం వదిలి కైట్‌ను ఊపిరి పీల్చుకోనివ్వాలి. చేతులు ఎంత నెమ్మదైతే వేగం అంత!

పరుగులో ఎక్కడైనా తాళ్లు వదులైనట్టు అనిపిస్తే కైట్‌ను మించి పోతున్నామని అర్థం. వెంటనే బోర్డును కాస్త గాలికేసి తిప్పి, మడమల మీద బరువెయ్యాలి. తాళ్లు మళ్లీ బిగుస్తాయి. గాలి తక్కువ ఉన్న రోజున తిన్నగా వాలుకే పోవాల్సివస్తే కైట్‌ను కిందకీ పైకీ పాములా ఊపుతూ పోతారు. అలా కదిలితే తన గాలి తనకు దొరుకుతుంది.

ఆపడం? అన్నింటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది అక్కడే. కంగారులో కైట్‌ను ఠక్కున నెత్తిమీదకు తెచ్చారో... ఆ వేగానికి మనిషిని ఎత్తి గాలిలో విసిరేస్తుంది. కైట్‌ను కిందనే ఉంచి, బోర్డును నెమ్మదిగా గాలికేసి తిప్పుతూ మడమలతో నొక్కాలి. వేగం దానంతటదే చల్లారుతుంది.

వదలడం రానివాడికి...

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పడితే నీళ్లు నీళ్లలా ఉండవు, నేలలా ఉంటాయి. ఒడ్డున రాళ్లు, గోడలు, కరెంటు స్తంభాలు ఉంటే సరేసరి. లుడెరిట్జ్‌లాంటి చోట కాలువ లోతు కూడా తక్కువ. పక్కనే గట్టు. గట్టుకు ఎంత దగ్గరైతే నీళ్లు అంత నున్నగా ఉంటాయి. అంటే వేగం కావాలంటే ప్రమాదం పక్కనే పోవాలి! అందుకే రికార్డుల వీరులు కూడా హెల్మెట్, దెబ్బ తగలకుండా కాపాడే జాకెట్ లేకుండా నీళ్లలో దిగరు.

ప్రతి కైట్‌బోర్డర్ నడుము దగ్గరా ఓ చిన్న మీట ఉంటుంది. రంగు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దాన్ని ముందుకు తోస్తే కైట్ లాగుడంతా క్షణంలో పోతుంది. అప్పటికీ ఒక తాడు మిగులుతుంది. రెండో మీటతో దాన్నీ తెంచుకుంటే కైట్ గాలికి పోతుంది, మనిషి మిగులుతాడు. చెప్పడానికి ఇంతే. కానీ కొత్త కైట్ ఖరీదు లక్ష రూపాయలు దాటుతుంది. ఒక్క క్షణం ఆగుదాం, మళ్లీ అదుపులోకి వస్తుందేమో అనిపిస్తుంది. ఆ ఒక్క క్షణంలో కైట్ ఇరవై ముప్ఫై మీటర్లు ఈడ్చేయగలదు. ఒడ్డున నిలబడి, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడే ఆ మీటను పదేపదే నొక్కి సాధన చెయ్యమని శిక్షకులు పోరేది అందుకే. ఆపదలో ఆలోచన పనిచెయ్యదు, అలవాటే పనిచేస్తుంది.

వాలుగాలి పరుగుకు ఇంకొన్ని కట్టుబాట్లున్నాయి. నేలమీంచి సముద్రంలోకి వీచే గాలిలో కాపాడే పడవ లేకుండా వెళ్లకూడదు. ఒంటరిగా అసలే వద్దు. ముందుగా మ్యాపు చూసుకుని మధ్యలో ఎక్కడెక్కడ ఒడ్డు చేరొచ్చో గుర్తుపెట్టుకోవాలి. తాళ్లు చుట్టుకుంటే కోసుకోవడానికి చిన్న కత్తి వెంట ఉండాలి. ముందున్నవాడిని దాటుతుంటే తప్పుకోవాల్సిన బాధ్యత దాటేవాడిదే.

ఇవన్నీ పాటిస్తే ఎంత దూరమైనా పోవచ్చు. బ్రెజిల్‌లో సియారా రాష్ట్రం ఇందుకు పేరుమోసింది. కుంబుకో అనే పల్లె దగ్గర బయల్దేరి జెరికోఆకోఆరా దాకా తీరం వెంబడి రోజుల తరబడి వాలుగాలిలో పోతూనే ఉంటారు. సామాను మోస్తూ ఒడ్డున ఇసుకబళ్లు వెంట వస్తాయి. రాత్రికి జాలర్ల పల్లెల్లో బస. 2013 చివర్లో అయితే ఆరుగురు యువతీయువకులు వంతులవారీగా రాత్రింబవళ్లు కైట్‌బోర్డు మీద వాలుగాలి పట్టుకుని ఏకంగా అట్లాంటిక్ సముద్రాన్నే దాటేశారు. 27 రోజులు పట్టింది!

ఒలింపిక్స్ దాకా

2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ ఆటకు తొలిసారి చోటు దొరికింది. మార్సే తీరంలో పోటీలు జరిగాయి. నీటిలోపల రెక్కలుండి పైకి లేచే బోర్డులు వాడారు. వాలుగాలిలో అవి గంటకు 70 కిలోమీటర్ల దాకా పోగలవు. మగవాళ్లలో ఆస్ట్రియాకు చెందిన వాలెంటిన్ బొంటస్, ఆడవాళ్లలో బ్రిటన్‌కు చెందిన ఎలీ ఆల్డ్రిడ్జ్ స్వర్ణాలు గెలిచారు. సింగపూర్‌కు కాంస్యం తెచ్చిన మాక్స్ మేడర్ వయసు అప్పటికి 17 ఏళ్లే! ఎదురుగాలిలో ఎంత బాగా వచ్చినా, ఆ పోటీల్లో గుండె దడ పుట్టించేది వాలుగాలి పరుగే. వేగం తగ్గించుకునే దారులు తక్కువ, పక్కన ఇంకో పదిమంది, కాళ్లకింద కత్తుల్లాంటి రెక్కలు!

మన దేశంలోనూ ఈ ఆట ఉంది. తెలుగువాళ్లు కాశీతోపాటు తలచుకునే రామేశ్వరమే అందుకు ముఖ్యమైన చోటు. ఓ పక్క పాక్ జలసంధి, మరో పక్క మన్నార్ సింధుశాఖ ఉండటంతో నైరుతి గాలి వీచినా, ఈశాన్య గాలి వీచినా ఏదో ఒక ఒడ్డున ఆడుకోవడానికి వీలుంటుంది. లోతులేని మడుగులు కొత్తవాళ్లకు వరం. కోనేటి స్నానాలకు వెళ్లిన కుటుంబాల్లో పిల్లలు ఆకాశంలో ఆ కైట్‌లను చూసి 'నేనూ నేర్చుకుంటా' అంటే అమ్మానాన్నలు భయపడటం సహజమే. వద్దనక్కర్లేదు. కాకపోతే శిక్షకుడికి గుర్తింపు ఉందా, ఆపదలో కాపాడే పడవ ఉందా, హెల్మెట్ ఇస్తారా అని అడగాలి. ఇంకో ప్రశ్న కూడా అడగాలి... మొదటిరోజు ఏం నేర్పుతారు? అని. 'వదలడం' అని జవాబొస్తే నిశ్చింతగా పంపొచ్చు.

వంద కిలోమీటర్ల వేగం రహస్యం కూడా ఆ ఒక్క మాటలోనే ఉంది. మడమను కొంచెం వదిలితే పరుగు, కడ్డీని కొంచెం వదిలితే అదుపు, అన్నీ చెయ్యిదాటినప్పుడు కైట్‌నే వదిలితే ప్రాణం. గాలి ఎవరి మాటా వినదు. వినాల్సింది మనమే!